భిక్షమా, బాకియా?

సర్కారు బడికి వెచ్చింపబడు ధనమును గూర్చి మాటలాడునప్పుడు మనము సాధారణముగా నొకే క్రియను వాడుచుందుము. "ప్రభుత్వమువారు ఈ యేడు బడులకు ఇంత యిచ్చినారు" అందుము. ఇచ్చుట యను మాట వినుటకు మంచిదే. కాని యిచ్చుటలు రెండు తెఱగులు. వాకిట నిలిచినవానికి గుప్పెడు బియ్యము వేయుట యొకటి. తీసికొన్న సొమ్మును గడువునకు తీర్చుట మఱియొకటి. రెంటియందును ఒకచేతినుండి మఱియొక చేతికి సొమ్ము పోవుచునే యుండును గాన కంటికి భేదము కానరాదు. ధర్మమున మాత్రము భేదము కొండంత. భిక్షము వేయువాడు ఎంత వేసిన నంతయే. ఈ దినము లేదు పొమ్మనవచ్చును. వేసినందులకు నమస్కారము కోరవచ్చును. బాకి తీర్చువానికి ఈ స్వాతంత్ర్యములలో నొక్కటియు లేదు. మొత్తమెంతయో ముందే యేర్పడియున్నది. గడువు దాటిన తప్పు వానిది. అప్పిచ్చినవాడు వచ్చి తలుపు తట్టిన, అది యాచన గాదు.

ఈ భేదమును హైదరాబాదు పాతబస్తీవారికి మేము క్రొత్తగా బోధింపనక్కఱలేదు. జకాతు వేఱు, ఖైరాతు వేఱు అని అచ్చటి ముసల్మాను గృహములలో చిన్నపిల్లలకును తెలియును. ఖైరాతు దాత యిష్టము. జకాతు అట్లు గాదు. అది గడించినవాని సొమ్ములో బీదవానికి మొదటినుండియు గల పాలు, దానిని చెల్లింపనివాడు తనది కాని ధనమును దాచుకొన్నవాడు. హిందూ గృహములందును ఋషిఋణ మను మాట యున్నది. పూర్వులు కూడబెట్టిన విద్యను మనము పొందినందులకు, దానిని పిదపవారికి అందించి తీర్చుకొనవలసిన యప్పు అది. ఇట్లు రెండు సంప్రదాయములును అప్పునకును దానమునకును నడుమ గీత గీసియుండగా, సర్కారు బడి యొద్దకు వచ్చునప్పటికి మనము ఆ గీతను చెఱిపివేసితిమి.

దీనికి చరిత్రలో కారణము లేకపోలేదు. ఈ నగరమున బడులు ప్రభువుల యౌదార్యముగానే పుట్టినవి. మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883 వఱకు దివానుగా నున్న కాలమున దారుల్ ఉలూమ్ వెలసినది. నయాపూలు చెంత, మూసీ యొడ్డున, నేటికిని బాటసారుల చూపును నిలిపివేయు సిటీ కాలేజి భవనము ఏడవ నిజాము కాలమున విన్సెంట్ ఎష్ అను శిల్పి గీసిన నమూనాపై లేచినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో నారంభమైనది. ఇవి సామాన్యమైన పనులు కావు. కాని యా కట్టడముల కెంత వ్యయమైనది, ఆ సొమ్ములో కొంత మొహల్లాల చిన్నబడులకు ఏల పోలేదు, అని యడుగు హక్కు పన్ను కట్టినవానికి లేదు. తమ భాషలో బడి లేదని తలచిన ప్రజలు చందాలు వేసికొని తామే పెట్టుకొనిరి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో స్థాపించిన ఆంధ్ర బాలికల పాఠశాల యట్టిది.

దాతల యౌదార్యమును మేము చిన్నచేయము. అది లేనిచో మన అమ్మమ్మలలో పెక్కండ్రు అక్షరము నెఱిగియుండరు. అయినను దాత మనస్సు వ్రాలినచోట బడి లేచును, వ్రాలనిచోట లేవదు. నారాయణగూడకు మాడపాటివారు దొరకిరి. మూసీ కవతలి యొక గల్లీకి అట్టివా రెవ్వరును దొరకకపోవచ్చును. ఆ గల్లీలో పుట్టిన పిల్ల చేసిన తప్పేమి?

ఆ ప్రశ్నకు దేశము చట్టమూలమున సమాధానము చెప్పినది. 2002లో రాజ్యాంగమునకు 86వ సవరణ జరిగి, ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయినది. దానిని అమలుపఱచు 2009 నాటి చట్టము 2010 ఏప్రిలు 1వ తేదినుండి నడచుచున్నది. ఒకని హక్కు అనగా మఱియొకని బాకి. నాడు మొదలుకొని బడి సొమ్ము దానము గాకపోయినది. అయినను మన మాట మారలేదు, మన మనస్సును మారలేదు. ఏలయన, బాకి యన్నప్పుడు బాకీదారుడు కనబడవలయును. పాతబస్తీలో వాడు కనబడడు.

చదువరులు తమ యింటిపన్ను లెక్కను ఒకమాఱు పరికింతురు గాక. అందు గ్రంథాలయముల సెస్సు కలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఆస్తిపన్ను రూపాయకు 8 పైసల వంతున అది వసూలగును. (ఆ సొమ్మును నగరపాలక సంస్థ గ్రంథాలయ సంస్థకు సకాలమున ముట్టజెప్పుట లేదను మొఱ పలుమాఱు వినబడినది, అది వేఱొక వ్యాసమునకు తగిన విషయము.) గ్రంథాలయమునకైన నిట్లొక పేరు, ఒక వంతు, ఒక బాకీదారుడు ఉన్నారు. ఆ గ్రంథాలయమున కూర్చుండి చదువుటకు కావలసిన యక్షరములను నేర్పు బడికి నగరపు పన్నులో అట్టి పద్దు లేదు.

ఇది యెవరో మఱచుటచే జరిగినది గాదు. 1992లో స్థానికపరిపాలనను గూర్చి రాజ్యాంగమునకు చేసిన రెండు సవరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విషయము తేటపడును. గ్రామ పంచాయతీలకు సంబంధించిన పదునొకండవ షెడ్యూలులో, ప్రాథమిక మాధ్యమిక పాఠశాలలతో గూడిన విద్య యనునది 17వ యంశముగా స్పష్టముగా వ్రాయబడినది. పట్టణములకు సంబంధించిన పండ్రెండవ షెడ్యూలులో పాఠశాల యను మాటయే లేదు. సంస్కృతి, విద్య, సౌందర్యము ఈ మూటి యభివృద్ధియు నొక్క ముడిగా కట్టి 13వ యంశమున నుంచిరి. పల్లెకు బడియు, పట్టణమునకు సౌందర్యమును పంచిపెట్టిన యీ పంపకమును చూచి నవ్వవలయునో వగవవలయునో మాకు తోచకున్నది. ముంబయి, చెన్నపట్టణపు నగరపాలక సంస్థలు పూర్వపు ఆచారమునుబట్టి బడులను తామే నడపుచున్నవి. విశాఖపట్టణము, విజయవాడ నగరములును చిరకాలము అట్లే నడపినవి. హైదరాబాదులో సర్కారు బడులు రాష్ట్ర విద్యాశాఖవి. కాబట్టి శాలిబండలో నున్న యొక తల్లి తన వీధిదీపము వెలుగకున్న, మురుగు పొంగిన, తన వార్డు కార్పొరేటరును నిలబెట్టి యడుగగలదు; తన బిడ్డ చదువు బడిలో నీళ్లకొళాయి యెండిపోయిన నడుగజాలదు. ఆయన "అది మాది గా"దనును. ఆ మాట అబద్ధమును కాదు. ప్రధానోపాధ్యాయుడు పై యధికారికి వ్రాయును. ఆయన జిల్లా విద్యాశాఖాధికారికి వ్రాయును. అచ్చటినుండి కాగితము ఇంకను పైకి పోవును. కాగితము ఎంత పైకి పోయిన, కొళాయికి అంత దూరమగును.

ఇక నా పైన నేమున్నది? 2025–26వ సంవత్సరమునకు తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన ఆదాయవ్యయ ప్రణాళిక మొత్తము 3,04,965 కోట్ల రూపాయలు. అందు విద్యకు కేటాయించినది 23,108 కోట్లు, అనగా నూటికి ఇంచుమించు ఏడున్నర పాళ్లు. ఉన్నతవిద్యయు ఇందులోనిదే. ఈ పాలు చాలునా చాలదా యని పండితులు వాదింతురు. పెంచవలయునని మేమును తలంతుము. కాని ప్రస్తుతము మా ప్రశ్న అది గాదు. ఎంత యను దానికంటె ముందు, ఎవరికి ఏ న్యాయమున పంచుచున్నా రనునది చూడవలయును.

పాతబస్తీలోని సర్కారు బడులలో కొన్ని నేటికిని అద్దె యిండ్లలో నున్నవి. ఒక కప్పు క్రింద రెండు మూడు బడులు ఇమిడియున్న చోట్లును కలవు. కాపురమునకై కట్టిన యింటిలో బడి పెట్టిన నెట్లుండునో గృహస్థులైన మన చదువరులకు వివరింపనేల? వంటయిల్లు ఒక తరగతి, ముందుగది యొక తరగతి, ముంగిలి యాటస్థలము. గోడ బీటవాఱిన యజమాని బాగుచేయడు. వానికి వచ్చు అద్దె స్వల్పము, ఇల్లు ఖాళీయైన వానికే మేలు. సర్కారును బాగుచేయదు, ప్రజల సొమ్ముతో పరుని గోడను బాగుచేయుట తగదను నియమము న్యాయమైనదే. ఇద్దఱి న్యాయములును సరియే. రెండు న్యాయముల నడుమ పిల్లవాని నెత్తిమీద పెచ్చు ఊడిపడును. ఏండ్లతరబడి అద్దె కట్టుచు, ఆ మొహల్లాలోనే స్థలము సంపాదించి కప్పు వేయుటకు పూనుకొనకపోవుట పేదఱికముచే గాదని మా యభిప్రాయము. స్థలము దొరకుట కష్టమే. పాతబస్తీ యిఱుకైనది, భూమి ప్రియమైనది. అయినను రాకపోకల దారులకును వంతెనలకును స్థలము కొనవలసినప్పుడు ఆ కష్టమును గెలుచుచున్నాము గదా.

సొంత కప్పు గల బడులకు సొమ్ము ఏ లెక్కను వచ్చును? కేంద్ర రాష్ట్రములు కలిసి నడపు సమగ్రశిక్షా పథకమున ప్రతి బడికిని సాలీనా ఒక గ్రాంటు కలదు. ఉపాధ్యాయుల జీతములు ఇందులోనివి కావు; సుద్దముక్క, విద్యుచ్ఛక్తి, నీళ్లు, మరమ్మతులు, పరిశుభ్రత, ఇట్టి దినవెచ్చములకు ఉద్దేశింపబడినది. 30 మందికి మించని బడికి 10,000 రూపాయలు, 100 మంది వఱకు 25,000, 250 వఱకు 50,000, 1000 వఱకు 75,000, అటుమీద లక్ష. తలలనుబట్టి పంచుట చూచుటకు న్యాయముగనే యున్నది. కాని యిల్లు నడపు నిల్లాండ్రు ఈ లెక్కలోని లోపమును మాకంటె ముందే కనుగొందురు. ముగ్గురున్న యింటికి దీపమొకటి, తలుపొకటి, నీళ్లతొట్టి యొకటి కావలయును; ఆర్గురున్న యింటికిని నించుమించుగా నంతియే. ముప్పదిమంది పిల్లలున్న బడికి నెలకు ఎనిమిదివందల చిల్లర వచ్చును. దానితో మరుగుదొడ్డిని దినదినము శుభ్రపఱచు మనిషిని పెట్టుట యెట్లో ఈ పట్టీని వ్రాసినవారు చెప్పవలయును. మరుగుదొడ్డి బాగుగా లేని బడికి ఎదిగిన యాడుపిల్లను తల్లి పంపదు. పిల్ల మానినది గాన తలలు తగ్గును. తలలు తగ్గినవి గాన గ్రాంటు తగ్గును.

ఇదే చిక్కు పెద్ద యెత్తున 2022లో కనబడినది. ఆ యేడు మార్చి 8వ తేదిని వనపర్తిలో ఆరంభింపబడిన మన ఊరు–మన బడి, పట్టణములలో మన బస్తీ–మన బడి, అను కార్యక్రమమునకు 7,289 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. 26,065 బడులను మూడు విడతలుగా బాగుచేయ సంకల్పము. నీళ్లతో గూడిన మరుగుదొడ్లు, విద్యుత్తు, త్రాగునీరు, బల్లలు, ప్రహరీగోడలు, వంటశాలలు మొదలుగా పండ్రెండు విధములైన పనులు. సంకల్పము గొప్పది, నిందింపము. మొదటి విడతకు 9,123 బడులను ఏర్చుకొనిరి. ఏ నియమముపై నేర్చుకొనిరి? ఎక్కువమంది పిల్లలున్న బడులు ముందు అను నియమముపై.

ఈ నియమమును సమర్థించువారి వాదము బలమైనదే. చేత నున్న సొమ్ము పరిమితము. నలువదిమందికి ఉపయోగించు గోడకంటె నాలుగువందల మందికి ఉపయోగించు గోడను ముందు కట్టుట వివేకము గాదా? రూపాయకు ఎక్కువ మేలు ఎచ్చట కలుగునో అచ్చట వెచ్చింపుడని అర్థశాస్త్రజ్ఞులును చెప్పుదురు. చేయునది దానమైనచో మేమును ఆ వాదమునకు తలయొగ్గుదుము. దాత తన దానమును ఎక్కువమందికి చేరునట్లు చేయుట మెచ్చదగినది. కాని బాకీదారుడు అట్లు లెక్కింపరాదు. నలుగురికి అప్పుపడినవాడు, పెద్ద కుటుంబము గలవానికి ముందు తీర్చి, చిన్న కుటుంబము గలవానిని మూడవ విడతకు రమ్మనుట యే ధర్మశాస్త్రమున నున్నది? ఇంతకును ఆ చిన్నబడి చిన్నదేల యయినది? పదేండ్లు దానికి నీళ్లు లేకుండుటచేతనే గదా! ఎవని యుపేక్షచే పిల్లలు వెడలిపోయిరో, వాడే వచ్చి "మీ బడిలో పిల్లలు లేరు, మీ వంతు తరువాత" ననుట తన తప్పును తనకే సాక్ష్యముగా నిలుపుకొనుట. ఆ తరువాతి వంతును నిలకడగా నిలువలేదు. 2023 డిసెంబరులో ప్రభుత్వము మారినది; 2024లో బడుల మరమ్మతులు అమ్మ ఆదర్శ పాఠశాలల పేర స్త్రీల స్వయంసహాయక సంఘములతో గూడిన క్రొత్త కమిటీల చేతికి వచ్చినవి. స్త్రీల చేతికి లెక్క వచ్చుట మాకు సంతోషము. కాని ప్రభుత్వము మారినప్పుడెల్ల పేరు మారి, వరుస మొదటినుండి లెక్కింపబడుచో, వరుసలో చివర నున్నవాడు ఎన్నడును ముందుకు రాడు.

వెడలిపోయిన పిల్లలు ఎచ్చటికి పోయిరి? దీనికి పాతబస్తీయే లోకప్రసిద్ధమైన యుదాహరణము. న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జేమ్స్ టూలీ 2000 సంవత్సరమున చార్మినారు వెనుక గల్లీలలో తిరిగి, బీదలే ఫీజు కట్టి పంపు చిన్న చిన్న ప్రైవేటు బడులను చూచి యబ్బురపడెను. పిదప అతని బృందమువారు చార్మినారు, బహదూర్‌పురా, బండ్లగూడ ప్రాంతములలో వీధివీధి తిరిగి 918 బడులను లెక్కించిరి. వానిలో సర్కారువి నూటికి ఇంచుమించు 35 మాత్రమే. పిల్లలలో నూటికి 65 మంది సర్కారు సహాయము లేని ప్రైవేటు బడులలో నుండిరి. దీనినిబట్టి టూలీ, బీదలు తమ దారి తాము చూచుకొనుచున్నారు, ప్రభుత్వపు బడి యావశ్యకత మనము తలచినంత లేదు, అను వైపునకు మ్రొగ్గెను. లెక్క నమ్మదగినది; దాని నుండి తీసిన తాత్పర్యమును మేము అంగీకరింపజాలము. గాజులకు రాళ్లు అతుకు తల్లి తన రాబడిలో కోసి ఫీజు కట్టుచున్నదన్న, అది యామె విద్యాభిమానమునకు సాక్ష్యము. బాకి తీరినదనుటకు సాక్ష్యము గాదు. అప్పిచ్చినవాడు వేసారి వేఱొకచోట వడ్డీకి తెచ్చుకొని కాలము గడపిన, మొదటివాని అప్పు కొట్టివేయబడునా? ఆమె రెండుమాఱులు చెల్లించుచున్నది: కొన్న ప్రతి వస్తువుమీద పన్నుగా నొకమాఱు, ఫీజుగా నింకొకమాఱు.

ఇచ్చట నొక నిష్ఠురమైన మాట చెప్పక తప్పదు. ఆ తల్లికంటె ముందు సర్కారు బడిని విడిచిన వారము మనము. ఈ పత్రికను చదువు నిండ్లలో ఎన్నింటి పిల్లలు నేడు సర్కారు బడికి పోవుచున్నారు? మనము విడిచినందులకు కారణములు ఉన్నవి. తన బిడ్డకు మేలైన దానిని కోరుట దోషము గాదు. కాని మనము పోవునప్పుడు పిల్లలను మాత్రమే తీసికొని పోలేదు. అర్జీ వ్రాయగల చేతిని, అధికారి యెదుట కూర్చుండి మాటలాడగల నోటిని, పత్రికకు లేఖ పంపు నలవాటును గూడ తీసికొని పోయితిమి. మిగిలినవారు అడుగనేరరు. అడుగనివానికి ఇచ్చునది భిక్షమువలె కనబడుటలో వింత యేమున్నది?

అట్లయిన బడులను నగరపాలక సంస్థకే యప్పగించి, ఇంటిపన్నుమీద బడిపన్ను వేసిన సరిపోవునని కొందఱందురు. ఆ మార్గమున పోయినవారి యనుభవమును చూడవలయును. అమెరికాలో బడులకు స్థానికుల ఆస్తిపన్నే యొక ముఖ్యాధారము. టెక్సాసు రాష్ట్రమున శాన్ ఆంటోనియో నగరములో ఎడ్జ్‌వుడ్ అను బీద జిల్లాయు, ఆలమో హైట్స్ అను సంపన్న జిల్లాయు కలవు. 1967–68లో ఎడ్జ్‌వుడ్ వారు నూఱు డాలర్ల యాస్తికి 1 డాలరు 5 సెంట్ల వంతున పన్ను వేసికొనియు ఒక్కొక్క పిల్లవానికి 26 డాలర్లు మాత్రమే కూడబెట్టగలిగిరి. ఆలమో హైట్స్ వారు 85 సెంట్ల వంతుననే 333 డాలర్లు కూడబెట్టిరి. ఎక్కువ పన్ను కట్టినవానికి తక్కువ బడి! ఎడ్జ్‌వుడ్ తలిదండ్రులు న్యాయస్థానమునకు పోగా, 1973లో అత్యున్నత న్యాయస్థానము ఐదుగురు నలుగురుగా చీలి, ఇది రాజ్యాంగవిరుద్ధము గాదని తీర్పు చెప్పినది. బడి సొమ్మును బడి చుట్టునున్న యిండ్ల విలువకు ముడివేసిన నిట్లగును. జూబిలీహిల్స్ ఇండ్ల పన్నుతో జూబిలీహిల్స్ బడియు, యాకుత్‌పురా యిండ్ల పన్నుతో యాకుత్‌పురా బడియు నడువవలసివచ్చిన, ఫలమేమో ఊహింపవచ్చును.

కాబట్టి ఈ విషయమున రెండు పనులను వేఱుచేయవలయునని మా మతము. వసూలు చేయుట పెద్ద పరిధిలో జరుగవలయును. లెక్క చెప్పుట చిన్న పరిధిలో జరుగవలయును. ఈ వివేకము మనకు క్రొత్తది గాదు. గోపాలకృష్ణ గోఖలేగారు 1911 మార్చిలో సామ్రాజ్య శాసనసభయందు ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లులో, స్థానికసంస్థలకు బడిపన్ను వేయు నధికార మిచ్చుచునే, వ్యయములో మూడింట రెండు వంతులు ప్రభుత్వము భరింపవలయునని కోరిరి. మఱుసటి యేడు ఆ బిల్లును 38 మంది వద్దనగా 13 మంది మాత్రమే కావలెననిరి. అది నెగ్గియున్న మన ముత్తవ్వల కాలముననే ఈ చర్చ ముగిసియుండెడిది.

పంచుట యెట్లు? తలల లెక్క నొక్కదానినే గాక, ఒక బడి నిలుచుటకు కనీసము కావలసిన దానిని, అనగా కప్పు, నీరు, మరుగుదొడ్డి, దీపము, ఊడ్చు మనిషి, వీనిని ప్రతి బడికిని మొదట తీర్చి, మిగిలినదానిని తలలనుబట్టి పంచవలయును. అద్దె యిండ్లలోని బడులకు స్థలము సంపాదించుటకై ఏటేట వేఱుగా పద్దు వ్రాసి, ఎన్ని బడులు ఆ యేడు అద్దె యిల్లు విడిచెనో ప్రకటింపవలయును. ఇవి రాష్ట్రము చేయవలసిన పనులు.

లెక్క చెప్పుట యెవరికి? 2009 నాటి చట్టములోనే దానికి చోటు కలదు. ప్రతి సర్కారు బడికిని నొక యాజమాన్య సంఘముండవలయునని, అందు నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులే యుండవలయునని, సగము స్త్రీలుండవలయునని 21వ విభాగము విధించినది. గ్రాంటు ఎట్లు వెచ్చింపబడినదో చూచుట ఆ సంఘపు పని. ఇట్టి సంఘములు పెక్కుచోట్ల సంతకములకే పరిమితమగుట యందఱెఱిగినదే. దానికి తల్లుల అజ్ఞానమును కారణముగా చెప్పుట సులభము. కాని మధ్యాహ్నము పదునొకండు గంటలకు సభ పెట్టిన దినకూలి పోగొట్టుకొని యెవరు వత్తురు? ఆంగ్లములో టైపుచేసిన కాగితముమీద వేలిముద్ర వేయుమన్న, ఆ కాగితమున నేమున్నదో ఎవరికి తెలియును? సభ ఆదివారము పొద్దుననో, అసర్ నమాజు పిదపనో పెట్టవచ్చును. ఈ యేడు ఇంత రావలయును, ఇంత వచ్చినది, ఇంకను ఇంత రావలసియున్నది, ఇంత వెచ్చించితిమి, అని నాలుగు వరుసలను బడిగోడమీద సున్నముతో వ్రాయుటకు ఏ క్రొత్త చట్టమును అక్కఱలేదు. వానిలో మూడవ వరుస ముఖ్యమైనది. అది యాకుత్‌పురాలో ఉర్దూలోను, గౌలిపురాలో తెలుగులోను, గేటుప్రక్కన, పిల్లను దింపవచ్చిన తల్లి నిలుచుచోట, ఆమె కంటి యెత్తున ఉండవలయును.